లిపి ఎంపిక, లిపి ఋణం: అల్బేనియన్ అక్షరమాల దినోత్సవంపై ఒక నైతిక పరిశీలన

అల్బేనియన్ భాష మాట్లాడే ప్రజలు ఏటా నవంబరు 22న అక్షరమాల దినోత్సవం జరుపుకొంటారు. ఉత్తర మాసిడోనియాలోని అల్బేనియన్ సమాజానికి అది అధికారిక సెలవు దినం. 1908లో, అప్పటి ఒట్టోమన్ సామ్రాజ్యంలోని మనాస్తిర్ పట్టణంలో, అంటే నేటి ఉత్తర మాసిడోనియాలోని బితోలాలో, నవంబరు 14 నుంచి 22 వరకు ఒక మహాసభ జరిగింది. అల్బేనియన్‌ను ఏ లిపిలో రాయాలన్నదే ఆ సభ ముందున్న ప్రశ్న. సభ ముగిసిన రోజే నేటి పండుగ రోజు.

భాషకో లిపికో పండుగ చేయడం కొత్త విషయం కాదు. దక్షిణ కొరియావారు అక్టోబరు 9న హంగుల్ దినోత్సవం జరుపుతారు. దాని కేంద్రంలో ఉన్నది సెజోంగ్ అనే రాజు. బల్గేరియావారి మే 24 పండుగలో సిరిల్, మెథోడియస్ అనే సాధువులున్నారు. ఆగస్టు 29న మనం తలచుకొనేది గిడుగు వేంకట రామమూర్తి అనే పండితుణ్ణి. అల్బేనియన్ల పండుగకు అటువంటి ఏకైక మూలపురుషుడు లేడు. వారు జరుపుకొనేది ఒక సభా నిర్ణయాన్ని. రాజాజ్ఞకూ సాధువు ప్రసాదానికీ సంజాయిషీ అడగడం కష్టం. మనుషులు కూర్చొని, వాదించుకొని చేసిన నిర్ణయాన్ని మాత్రం అడగవచ్చు. ఆ నిర్ణయాన్ని భాషాశాస్త్ర దృష్టితో కాక నీతి దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఒక తరం తన భాషకు ఒక లిపిని ఎంచుకొన్నప్పుడు, వదిలేసిన లిపుల్లో రాసినవారికి ఏమైనా బాకీపడుతుందా? పడితే ఆ బాకీ తీర్చే మార్గమేది?

లిపి వెనుక బడి

లిపి కేవలం సంకేతమని, ధ్వని ఏ గుర్తుతో రాసినా ధ్వనేనని ఒక వాదం ఉంది. తెలుగులో మనం ధ్వనినీ దాని గుర్తునూ కూడా ‘అక్షరం’ అనే అంటాం. క్షరం కానిది అక్షరమన్న వ్యుత్పత్తి ధ్వనికి సరిపోతుందేమో గాని గుర్తుకు సరిపోదు. గుర్తులు నశిస్తాయి. అల్బేనియన్ చరిత్ర నిండా అటువంటి నశించిన గుర్తులే.

ఆ భాషలో మనకు దొరికే తొలి లిఖిత వాక్యం 1462 నాటిది. దుర్రెస్ ఆర్చిబిషప్ పాల్ ఎంజెల్లి నమోదు చేసిన బాప్తిస్మ వాక్యమది. లాటిన్ అక్షరాల్లో ఉంది. 1555 నాటి జోన్ బుజుకు ప్రార్థనగ్రంథం తొలి పుస్తకం. అదీ లాటిన్‌లోనే, కొన్ని అదనపు గుర్తులతో. దక్షిణాన ఆర్థొడాక్స్ క్రైస్తవులు గ్రీకు అక్షరాల్లో రాసుకొన్నారు. ముస్లిం కవులు పద్దెనిమిదో శతాబ్దం నుంచి అరబీ లిపిలో అల్బేనియన్ కవిత్వం చెప్పారు. ఇవి చాలవన్నట్లు ఎల్బసాన్‌లో ఒకటి కాదు, రెండు స్వతంత్ర లిపులు పుట్టాయి. 1844లో నౌమ్ వెచిల్హర్జి తాను కొత్తగా కల్పించిన లిపిలో ఒక వాచకం అచ్చువేశాడు. ఏ మతానికీ చెందని అక్షరాలైతే ఏ మతంవారికీ అభ్యంతరం ఉండదన్నది ఆయన ఆలోచన కావచ్చు. అది నిలవలేదు. బైబిల్ అనువాదకుడు కొన్‌స్తాన్‌తిన్ క్రిస్తోఫొరిధి అయితే ఉత్తరాది గెగ్ మాండలికంలోని కొత్త నిబంధనను లాటిన్ లిపిలో, దక్షిణాది తోస్క్ మాండలికంలోని దానిని గ్రీకు లిపిలో వెలువరించవలసి వచ్చింది. భాష ఒకటే, అనువాదకుడు ఒకడే, గ్రంథమూ ఒకటే.

దీనికి కారణం ధ్వనుల్లో లేదు, బడుల్లో ఉంది. ఒట్టోమన్ పాలన ప్రజలను మతాన్ని బట్టి విభజించింది. ముస్లిం పిల్లవాడు టర్కీ బడికి, ఆర్థొడాక్స్ పిల్లవాడు గ్రీకు బడికి, ఉత్తరాది కాథలిక్ పిల్లవాడు ఇటలీ లేదా ఆస్ట్రియా ఆదరణలోని బడికి వెళ్లేవాడు. ముగ్గురూ ఇంట్లో మాట్లాడేది ఒకే భాష. ముగ్గురూ ఒకరి ఉత్తరం ఒకరు చదవలేరు. లిపిని చూసి మనిషి ఏ మతంవాడో, ఏ గురువు దగ్గర చదివాడో చెప్పగలిగే స్థితి అది. అటువంటి చోట సంకేతవాదం నిలబడదు. అల్బేనియన్‌లో ప్రార్థన జరిపినందుకు పాపా క్రిస్తో నెగొవాని అనే పూజారి 1905లో హత్యకు గురయ్యాడు. గుర్తుల కోసమే అయితే ఎవరూ ఎవరినీ చంపరు. ప్రతి లిపి వెనుకా ఒక బడి, ప్రతి బడి వెనుకా ఒక అధికారం ఉన్నాయి. కనుక లిపి ఎంపిక ఎవరి అధికారాన్ని అంగీకరించాలన్న ఎంపికగా మారింది. అప్పుడది నైతిక ప్రశ్నే అవుతుంది.

మనాస్తిర్‌లో నిజంగా జరిగినది

1908 జూలైలో యంగ్ టర్కుల విప్లవం తర్వాత కొంత స్వేచ్ఛ దొరికింది. ఆ వెలుగులోనే సభ సాధ్యమైంది. మిద్‌హత్ ఫ్రాషెరి అధ్యక్షుడు. మూడు మతాలవారూ ఉన్న 11 మంది సంఘానికి లిపి విషయం అప్పగించారు. దానికి కాథలిక్ గురువు, కవి జెర్జి ఫిష్తా నాయకుడు. పోటీలో ప్రధానంగా మూడు అక్షరమాలలున్నాయి. సామి ఫ్రాషెరి 1879లో రూపొందించిన ఇస్తాంబుల్ అక్షరమాల ఒకటి. ష్కోదర్‌లోని బష్కిమి సంఘంవారిది ఒకటి. ఎన్‌ద్రె మ్యేదా నడిపిన అగిమి సంఘంవారిది మరొకటి.

ఇక్కడ పండుగ చెప్పే కథకూ జరిగిన దానికీ మధ్య ఒక తేడా ఉంది. సభ ఒకే అక్షరమాలను ఎన్నుకొన్నదని సాధారణంగా చెప్పుకొంటారు. నిజానికి సభ రెండింటిని ఆమోదించింది: ఇస్తాంబుల్ అక్షరమాలను ఒకటిగా, బష్కిమి పద్ధతిపై ఆధారపడిన పూర్తి లాటిన్ అక్షరమాలను మరొకటిగా. బడుల్లో రెండూ నేర్పాలన్నారు. కాలక్రమంలో మొదటిది దానంతటది వాడుక తప్పింది. శాస్త్రీయంగా చూస్తే ఒక ధ్వనికి ఒక గుర్తు అన్న నియమాన్ని పాటించినది ఇస్తాంబుల్ అక్షరమాలే. అయితే దాని ప్రత్యేక గుర్తులకు అచ్చు దిమ్మెలు పోతపోయించాలి. రెండోదానికి ఏ ఐరోపా ముద్రణాలయంలోనైనా దొరికే అక్షరాలు చాలు. తంతికీ అవే చాలు. నేటి అల్బేనియన్ 36 అక్షరాల్లో తొమ్మిది జంట అక్షరాలు. కొక్కెం తగిలించిన ఒక వ్యంజనాన్నీ నెత్తిన రెండు చుక్కలు పెట్టిన ఒక అచ్చునూ మినహాయిస్తే తక్కినవన్నీ మామూలు లాటిన్ అక్షరాలే. గెలిచినది సిద్ధాంతం కాదు, కంపోజిటరు పెట్టె.

ఈ రాజీని పిరికితనమనవచ్చా? రాజీలపై పుస్తకం రాసిన తత్త్వవేత్త అవిషాయ్ మార్గలిత్, ప్రతి రాజీ దోషమైనది కాదని, అమానవీయ వ్యవస్థను నిలబెట్టే రాజీయే కుళ్లిన రాజీ అని వాదించాడు. ఆ కొలమానంతో మనాస్తిర్ రాజీ గౌరవప్రదమైనదే. ఇస్తాంబుల్ అక్షరమాల కర్త సామి ఫ్రాషెరి అప్పటికి నాలుగేళ్ల క్రితమే మరణించాడు. సభాధ్యక్షుడు మిద్‌హత్ ఆయన అన్న కుమారుడే. సొంత బాబాయి చేసిన అక్షరమాలకు పోటీగా మరొకదానిని పక్కన కూర్చోబెట్టే నిర్ణయానికి ఆయన అధ్యక్షత వహించాడు. తాను ఏ ఒక్క అక్షరమాల పక్షానా వాదించడానికి రాలేదని ఫిష్తా సభలో అన్నట్లు చరిత్రకారులు రాశారు. ఆయన బష్కిమి సంఘ సభ్యుడే. ఒకరి నుంచి లాక్కోవడం వేరు, ఒకరు తామే వదులుకోవడం వేరు. ఎదుటివాణ్ణి ఓడించకుండా ఒక పద్ధతిని కాలానికి వదిలిపెట్టిన ఈ ఘట్టాన్ని పండుగ ప్రసంగాలు ‘ఏకగ్రీవ విజయం’గా మార్చినప్పుడు, నా దృష్టిలో, సభ తాలూకు అసలు ఘనతే మరుగునపడుతుంది.

సభలో లేని పక్షం

అయితే బల్ల మీదికి రాని లిపి ఒకటుంది. అల్బేనియన్లలో అధికసంఖ్యాకులు ముస్లింలు. వారిలో చదువుకొన్నవారికి తెలిసినది అరబీ లిపి. దానికి సభలో స్థానం దక్కలేదు. తర్వాత యంగ్ టర్కుల ప్రభుత్వం ఆ లిపి పక్షం వహించింది. ఖురాను లిపిని వదలడం మతాన్ని వదలడమేనన్న ప్రచారం సాగింది. 1910లో రెండు పక్షాలవారూ ఊరేగింపులు తీశారు. అదే ఏడాది మనాస్తిర్‌లో రెండోసారి సమావేశమై లాటిన్ లిపిని సమర్థించుకోవలసి వచ్చింది. 1912 నవంబరు 28న స్వాతంత్ర్య ప్రకటనతో ఆ వివాదం ముగిసింది. చరిత్ర తీర్పు ఇంకొంత వ్యంగ్యంగా ఉంది: 1928లో టర్కీయే అరబీ లిపిని వదిలి లాటిన్ లిపి చేపట్టింది. ఆ మార్పు చేయించిన ముస్తఫా కెమాల్ యౌవనంలో చదివినది మనాస్తిర్ సైనిక పాఠశాలలోనే.

అరబీ లిపిని పక్కన పెట్టడం న్యాయమేనా? న్యాయమనడానికి బలమైన కారణాలున్నాయి. ఏడు అచ్చులున్న భాషకు అచ్చులను సరిగా చూపని లిపి ఇబ్బందికరం. ఆ లిపిని బలవంతం చేస్తున్నది తమ భాషకు బడి లేకుండా చేసిన ప్రభుత్వమే. పైగా దానిని వదులుకొన్నవారిలో ముస్లింలే ముందున్నారు. సామి ఫ్రాషెరి ఒట్టోమన్ టర్కీ భాషకు గొప్ప నిఘంటువు కూర్చినవాడు. అరబీ లిపి ఆయనకు పరాయిది కాదు. రెండు లిపుల్లో జీవించిన మనిషి తన భాషకు ఒకదానిని ఎంచుకొంటే అందులో ద్వేషం వెదకనక్కరలేదు.

మరొక వాదం కూడా వినిపిస్తుంది. ఆనాటి ప్రజల్లో అత్యధికులు నిరక్షరాస్యులు. ఏ లిపీ తెలియనివాడు లిపి మారితే నష్టపోయేదేముంది? ఈ వాదం పైకి గట్టిదిగా కనబడుతుంది గాని నాకది అంగీకారం కాదు. నిరక్షరాస్యుడి నష్టం వెంటనే తెలియదు. అది రెండు తరాలు ఆగి వస్తుంది. మనుమడు బడికి వెళతాడు, చదవడం నేర్చుకొంటాడు, ఇంట్లో ఉన్న ఒకే ఒక రాతప్రతిని మాత్రం చదవలేడు. తాతకు అది చదివి వినిపించే మనిషి ఊళ్లో ఉండేవాడు. మనుమడికి ఆ మనిషీ లేడు.

ఇది ఊహ కాదు. అరబీ లిపిలో అల్బేనియన్ కవిత్వం చెప్పినవారిని ‘బెయ్తెజీ’లంటారు. ఉర్దూ గజల్ విన్న తెలంగాణ పాఠకులకు ‘బైత్’ అన్న మాట తెలిసినదే. ఆ అరబీ పదమే ఇక్కడా మూలం. నెజిమ్ ఫ్రాకులా, హసన్ జీకో కంబేరి వంటి ఈ కవుల భాషలో టర్కీ, అరబీ, ఫార్సీ మాటలు విస్తారంగా ఉంటాయి. జాతీయోద్యమ సాహిత్య చరిత్ర వీరిని చాలాకాలం పరాయి వాసన కొట్టే కవులుగా చిన్నచూపు చూసింది.

వీరిలో ముహమెత్ కిచికు 1820లో రచించిన ‘ఎర్వెహేయా’ను కొంత వివరంగా చూడాలి. అది ఒక శీలవతి కష్టాల కథ. దీనిని 1888లో బుకారెస్ట్‌లో యాని వ్రెతో అచ్చువేశాడు. వ్రెతో ఆర్థొడాక్స్ క్రైస్తవుడు, జాతీయోద్యమకారుడు. ఒక ముస్లిం కవి కావ్యాన్ని జాతి సంపదగా భావించి అందరికీ అందించాలనుకొన్నాడు. ఉద్దేశం ఉదారమైనదే. కాని లిపి మార్చడంతో ఆయన ఆగలేదు. టర్కీ, అరబీ మాటలను ఏరివేసి, అచ్చ అల్బేనియన్ మాటలు పొదిగి కావ్యాన్ని ‘శుద్ధి’ చేశాడు. చాలాకాలం పాఠకులు చదివినది ఆ శుద్ధి చేసిన పాఠాన్నే. పరిష్కర్త చేతిలో పాఠం ఏమవుతుందో తెలుగు పరిశోధకులకు చెప్పనవసరం లేదు. అర్థం కాని చోట సవరించిన పరిష్కర్తలను మనమూ ఎరుగుదుం. వ్రెతో సవరించినది అర్థం కాక కాదు, అర్థమై. లిపి మారడం గుర్తులు మారడంతో ఆగదనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు కనబడలేదు. కొత్త లిపిలోకి ఏది రావాలి, ఏ రూపంలో రావాలి అన్నది ఎవరో ఒకరు నిర్ణయిస్తారు. మూలం చదవగలవారు తగ్గేకొద్దీ ఆ నిర్ణయాన్ని ప్రశ్నించగలవారూ తగ్గుతారు.

న్యాయమైన నిర్ణయం కూడా బాకీ మిగల్చవచ్చునా అన్నది ఇక్కడ తేల్చవలసిన విషయం. రెండు కర్తవ్యాలు ఢీకొన్నప్పుడు సరైనదే చేసినా, చేయలేకపోయిన రెండో కర్తవ్యం ఊరికే అదృశ్యం కాదని, దాని శేషం మిగులుతుందని బెర్నార్డ్ విలియమ్స్ అన్నాడు. మన సంప్రదాయంలో దీనికి దగ్గరగా వచ్చేది ఋణభావన. మనిషి పుట్టుకతోనే మూడు ఋణాలు మోస్తాడన్నారు. వాటిలో ఋషిఋణం తీరేది దానంతోనో సంతానంతోనో కాదు, అధ్యయనంతో. ఋషి అన్న మాటను పూర్వ రచయితకు విస్తరించి చెప్పుకొంటే, రాసినవాడి ఋణం చదవడం వల్లనే తీరుతుంది. చదివే మార్గాన్నే మూసిన నిర్ణయం, అది ఎంత న్యాయమైనదైనా, ఋణాన్ని రద్దు చేయదు. తీర్చడాన్ని కష్టతరం చేస్తుంది. ఆ కష్టం వ్యక్తి మోయగలిగేది కాదు. కనుక లిపిని మార్చిన సమాజం, దాని విశ్వవిద్యాలయాలు, గ్రంథాలయాలు మోయాలి.

ఇక్కడ ఒక సొంత మాట. పరిశోధనలో చేరిన తొలి ఏడాది ఒక తాళపత్ర ప్రతి ముందు కూర్చొని మొదటి పత్రం కూడబలుక్కోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. పదాల మధ్య ఎడం లేదు. వలపలగిలక ఎక్కడ ఏ హల్లుకు చెందుతుందో తేలలేదు. అది తెలుగే, తెలుగు లిపే. ఏ సభా తీర్మానమూ లేకుండానే మనం అరసున్ననూ బండి ఱనూ దాదాపు వదిలేశాం. దానికి చింతించేవారు కొద్దిమంది పండితులే. ఏ లిపిలో రాయాలన్న ప్రశ్న మనకు ఎదురుకాలేదు గనుక ఆ ప్రశ్న ఎదుర్కొన్నవారిని తేలికగా తప్పుపట్టే హక్కు మనకు లేదని ఆ రెండు రోజుల్లో నాకనిపించింది.

గెలిచిన లిపిలో చదవరానివాడు

బాకీ ఓడిన లిపికి మాత్రమే చెందినదైతే కథ సులభంగా ఉండేది. లిపి సంఘానికి నాయకత్వం వహించిన ఫిష్తా గెగ్ మాండలికంలో మహాకావ్యం రాసిన కవి. 1940లో మరణించాడు. నాలుగేళ్ల తర్వాత అధికారంలోకి వచ్చిన కమ్యూనిస్టు ప్రభుత్వం అల్బేనియాలో ఆయన రచనలను నిషేధించింది. ఆ పాలన పోయేదాకా, అంటే దాదాపు 45 ఏళ్లు, దేశంలోని ప్రతి బడిపిల్లవాడూ ఫిష్తా సంఘం తేల్చిన అక్షరాలు దిద్దాడు. ఆ అక్షరాల్లోని ఫిష్తా పుస్తకం మాత్రం చదవలేకపోయాడు. సభాధ్యక్షుడు మిద్‌హత్ ఫ్రాషెరి 1949లో న్యూయార్క్‌లో ప్రవాసిగా కన్నుమూశాడు; ఆయన అస్థికలు స్వదేశం చేరినది 2018లో. 1967లో మతసంస్థలన్నీ మూతపడడంతో అరబీ లిపి నేర్పే చోటూ లేకుండా పోయింది. 1972లో తిరానాలో జరిగిన వర్ణక్రమ మహాసభ ప్రధానంగా తోస్క్ మాండలికం ఆధారంగా ప్రమాణ భాషను స్థిరపరిచింది. ఫిష్తా, బుజుకు రాసిన గెగ్ ప్రమాణం వెలుపల నిలిచింది. మనాస్తిర్ సభ రెండు పద్ధతులను పక్కపక్కన నిలిపింది; తిరానా సభ ఆ ఓర్పు చూపలేదు.

జాతి నిర్మాణానికి జ్ఞాపకం ఎంత అవసరమో మరపు కూడా అంత అవసరమని 1882లో ఎర్నెస్ట్ రెనాన్ చెప్పిన మాటను ఇటువంటి సందర్భాల్లో సమాధానంగా చూపడం పరిపాటి. ఆ సమాధానం ఇక్కడ చెల్లదని నా అభిప్రాయం. రెనాన్ మరవమన్నది పూర్వులు ఒకరిపై ఒకరు చేసిన హింసను. కలిసి బతకడానికి అది మరవవలసిందే కావచ్చు. చదవగలిగే శక్తిని కోల్పోవడం ఆ జాతి మరపు కాదు. గాయాన్ని మరిచినవాడు తలచుకొంటే మళ్లీ గుర్తు తెచ్చుకోగలడు. లిపి పోగొట్టుకొన్నవాడికి తలచుకోవడానికి ఏముందో కూడా తెలియదు. నిషేధం మరీ వేరు. ఫిష్తాను ప్రజలు మరవలేదు, మరవమని శాసించారు.

ఇటీవలి ఒక పరిణామం ఈ చర్చకు అవసరం. ఎల్బసాన్ లిపి 2014లో, వెచిల్హర్జి లిపి 2021లో, తోధ్రి లిపి 2024లో యూనికోడ్‌లో చేరాయి. అచ్చు దిమ్మెలు దొరకవన్న కారణం నూరేళ్ల క్రితం ఒక అక్షరమాల జాతకాన్ని మార్చింది. ఆ కారణానికి ఇప్పుడు బలం లేదు. అరబీ లిపిలోని అల్బేనియన్ రాతప్రతులను కంప్యూటర్‌లో ఎక్కించడానికీ సాంకేతికంగా పెద్ద అడ్డంకి లేదు. కిచికు కావ్యాన్ని వ్రెతో సవరణలు లేకుండా, కవి రాసిన లిపి ఒక పుటలో, నేటి లిపి ఎదుటి పుటలో ఉండేలా ముద్రించి, ఏ నవంబరు 22నైనా మనాస్తిర్ పిల్లల చేతుల్లో పెట్టవచ్చు.